దబ్బనానికి అవతలి పక్క

మా అక్క మొగుడికి నేనంటే పడదు. నాకాయనంటే అసలే పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే రాయబోయేది ఆయన గురించే. ఇందులో ఆయన గొప్పతనం వెతుక్కునేవాళ్ళు ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

బావ పరుపులు కుడతాడు. సైకిలు షాపుకీ పిండిమరకీ మధ్య ఇరుక్కున్న ఒంటిగది ఆయన దుకాణం. అందులో బల్బు మీద దూది, ఫ్యాను రెక్కల మీద దూది, ఆయన కనుబొమల మీద దూది. గట్టిగా మాట్లాడితే మీసాల్లోంచి దూది ఎగురుతుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వీధిలో అందరికీ ఆయన దూదిబాబే. పని మటుకు వచ్చు. అది కాదంటే నా కళ్ళు పోతాయి, నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని, కళ్ళు పోతే కష్టం. పాత పరుపు మీద అరచెయ్యి ఆనించి లోపల దూది ఎక్కడ ముద్దకట్టిందో చెప్పేస్తాడు. తాగడు, పేకాడడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని మంచివాడంటుంది. ఇంట్లోవాళ్ళని ఎవరూ అడగలేదు.

పరుపు పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పాత పరుపు విప్పి, దూది బయటికి లాగి, విల్లుతో ఏకి, కొత్త గుడ్డలో నింపి, అంచులు కుట్టేదాకా ఒక్కడే చేసుకోవచ్చు. ఆ తర్వాతి పనికి ఇద్దరు కావాలి. పరుపును రెండు బల్లల మధ్య గోడలా నిలబెడతారు. మూరెడు పొడుగున్న దబ్బనంతో ఈ పక్కనుంచి ఒకరు గుచ్చితే, అవతలి పక్క నిలబడ్డవాళ్ళు దాన్ని అందుకుని, దారం బిగిసేలా ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగి, తిరిగి ఇటు గుచ్చాలి. అలా వరసలు వరసలుగా ముడులు పడితేనే లోపలి దూది కదలకుండా ఉంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ అవతలి పక్క నిలబడింది మా అక్క. బావ దాన్ని పని అనడు. "మీ అక్క కాస్త చెయ్యి సాయం చేస్తుంది" అంటాడు. ఆ కాస్త సాయానికి అక్క అరచేతుల్లో పడ్డ గాట్లు నేను రోజూ చూసే గీసుకుపోయిన అద్దాల కంటే ఘోరంగా ఉంటాయి.

ఇక ఆయన సెలవుల సంగతి. బావకి ఊళ్ళు తిరగడమంటే మహా సరదా. గది అద్దె కట్టడమంటే మాత్రం ప్రాణం పోతుంది. దానికో సిద్ధాంతం కూడా కనిపెట్టాడు. ఎవరైనా ఫలానా ఊళ్ళో ఫలానా హోటల్లో దిగామంటే చాలు, మొదలుపెడతాడు.

"కళ్ళు మూసుకున్నాక గదెక్కడుందండీ? కళ్ళు మూసుకోడానికి డబ్బులిచ్చేవాడంత వెర్రివాడు ఇంకోడుంటాడా?"

ఆయన కట్టడు. ముందుగానే ఫోన్లు చేసి లాడ్జీలతో బేరం పెట్టుకుంటాడు. మీ పరుపులు బాగుచేస్తాను, నాకు గది ఊరికే ఇవ్వండి అని. పెళ్ళయిన కొత్తలో అక్కని కొండమీది ఊరికి అలాగే తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక "ఏం చూశావే?" అని ఎంతో ఆశగా అడిగాను. "చలి బాగుంది" అంది. ఇంకేం చూశావని గుచ్చి గుచ్చి అడిగితే, లాడ్జీ వెనక వరండా బాగా వెడల్పుగా ఉందని చెప్పింది. తర్వాత ఏటి ఒడ్డున ఉన్న ఊరు వెళ్ళారు. అక్కడ దిళ్ళు. ఆ తర్వాత పాత కోటలున్న ఊరు. కోట గోడ డాబా మీదినుంచి కనపడిందట. వాళ్ళ కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. తెలివైన పిల్ల, వీళ్ళతో సెలవులకి వెళ్ళడం ఎప్పుడో మానేసింది.

ఇంత జరుగుతున్నా అక్క ఒక్కనాడు నోరెత్తలేదు. నాకు బావ మీద ఎంత కోపమో, ఆ ఊరుకోవడం మీదా అంత కోపం ఉండేది. "మొహమ్మీద చెప్పవేం? నీకేమైనా నోరు పడిపోయిందా?" అంటే, "ఆయన మాత్రం సుఖపడ్డారేంటే, ఆయనా పనే చేశారుగా" అనేది.

కిందటేడు అక్కకి గర్భసంచి తీసేశారు. మంగళవారం పొద్దున్న లోపలికి తీసుకెళ్ళారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. బావ కూర్చోలేదు. ఫోను చెవికి ఆనించుకుని వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిరుగుతూనే ఉన్నాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, మధ్యలో ఆగి తల గోక్కుంటున్నాడు, మళ్ళీ తిరుగుతున్నాడు. ఎవరెవరికో కబురు చెప్పుకుని బాధపడుతున్నాడనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఇన్నేళ్ళలో ఆ ఒక్కరోజే నాకు ఆయన మీద జాలేసింది. సాయంత్రం అక్కకి తెలివొచ్చాక నేనే చెప్పాను, బావ ఆ తలుపు దగ్గర్నుంచి కదల్లేదని. అక్క కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత పలకరించడానికి ఎవరొచ్చినా ముందు ఆ మాటే చెప్పేది.

"లోపలున్నంత సేపూ ఆయన తలుపు దగ్గరే ఉన్నార్ట. కాలు ఒక్కచోట నిలవలేదట. ఒకటే ఫోన్లట."

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్నూ బావనీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. బరువులెత్తకూడదు, వంగకూడదు, దేన్నీ గట్టిగా లాగకూడదు. లోపల మానడానికి టైము పడుతుంది, పైన కుట్లు విప్పేశాం కదా అని పనిలో పడితే మళ్ళీ ఇక్కడికే రావాలి. బావ అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. నేను అక్క పక్కన కూర్చుని, నీకేం కావాలో చెప్పు అన్నాను. నా అక్క నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగింది.

"సముద్రం కనపడే గదిలో నాలుగు రోజులు పడుకోవాలని ఉందే. ఊరికే. పడుకుని, లేచి, మళ్ళీ పడుకుని."

నేను దాచుకున్న డబ్బు తీసి బావ చేతిలో పెట్టాను. నా చేతులతో నేనే పెట్టాను. మంచి గది, సముద్రం వైపు, అక్కకి మంచం మీదికే అన్నీ అందాలి అని మూడుసార్లు చెప్పాను. నోట్లు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, "మరదలా, నువ్వు బంగారం" అన్నాడు. ఆ బంగారానికి అనుమానం తీరక, దుకాణంలో సెలవు పెట్టుకుని తనూ బయల్దేరింది.

బస్సెక్కేటప్పుడు బావ చేతిలో దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట ఒకటి ఉంది.

"అదేంటి బావగారూ?"

"గొడుగులు. సముద్రం పక్కన వాన చెప్పి రాదు."

మనిషెత్తు గొడుగులు ఎక్కడ దొరుకుతాయో అడగాల్సింది. అక్క నా చెయ్యి పట్టుకుని కిటికీ పక్కన కూర్చోబెట్టింది, ఊరుకున్నాను.

లాడ్జీ చూసి నేను కంగుతిన్నాను. నిజంగానే సముద్రం ఎదురుగా ఉంది. గది రెండో అంతస్తులో, కిటికీ తెరిస్తే నీళ్ళే నీళ్ళు. నాకు పక్కన ఇంకో చిన్న మంచం వేయించారు. లాడ్జీ నడిపే ఆవిడ లావుపాటి మనిషి, నడుముకి తాళాలగుత్తి, అడుగు తీస్తే గలగల. ఆవిడ బావని చూసి "వచ్చేశారా, మీకోసమే చూస్తున్నా" అంది. అద్దె కట్టే మనిషికి ఆ మాత్రం మర్యాద ఉంటుందిలే అనుకున్నాను. అక్క కిటికీ దగ్గర నిలబడి, ఊచలు పట్టుకుని, ఎంతసేపో కదల్లేదు. ఆ పూటంతా బావని అనుమానించినందుకు నామీద నాకే సిగ్గేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ సిగ్గుకి సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి బావ లేడు. అక్క మంచం మీద కళ్ళు తెరుచుకుని పైకప్పు వంక చూస్తోంది. డాబా మీదినుంచి చప్పుడు వస్తోంది. టంగ్. టంగ్. టంగ్. దూది ఏకే విల్లు చప్పుడు అది. ఆ ఇంటితో సంబంధం ఉన్నవాళ్ళకెవరికీ అది ఏంటని చెప్పక్కర్లేదు.

నేను మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కాను. డాబా నిండా పరుపులు. లాడ్జీలో ఉన్న పరుపుల్లో సగం అక్కడే ఉన్నాయి, పొట్టలు చీల్చి. వాటి మధ్య గొంతుక్కూర్చుని విల్లు వాయిస్తున్నాడు మహానుభావుడు. పక్కన గొడుగుల దుప్పటి మడిచి పెట్టి ఉంది.

"నేనిచ్చిన డబ్బేమైంది?" అన్నాను.

"భద్రంగా ఉంది, నీకెందుకు భయం?" అని చొక్కా తట్టుకున్నాడు. "దూది ఏకే మిషను కొంటాను. మిషనొస్తే మీ అక్కకే సుఖం. నీ డబ్బు గాలికి పోకుండా కాపాడినందుకు నువ్వు నాకు దణ్ణం పెట్టాలి."

"అది అక్క గదికిచ్చింది!"

"గది వచ్చిందిగా? సముద్రం కనపడట్లేదా? కిటికీ చిన్నదైందా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ విల్లు తీసుకుని ఏం చేసేదాన్నో తెలియదు, ఈలోగా అక్క మెట్లెక్కి వచ్చింది, ఒక్కో మెట్టుకీ ఆగుతూ. బావ చాప దులిపి వేశాడు. "రా, ఇక్కడ కూర్చో. గదిలో ఏం గాలొస్తుంది, గాలంతా ఇక్కడే ఉంది" అన్నాడు. కాసేపటికి, "ఊరికే కూర్చున్నావుగా, ఈ దారం చిక్కు తియ్యి" అన్నాడు. ఇంకాసేపటికి, "ఈ గుడ్డ అంచు పట్టుకో చాలు" అన్నాడు. ఎండెక్కేసరికి మొదటి పరుపు బల్లల మధ్య నిలబడింది, అక్క దానికి అవతలి పక్క నిలబడింది. ఎవరూ ఆవిణ్ణి లేచి నిలబడమనలేదు. ఆయన అలాంటి మాటలు నోటితో అనడు.

నేను అక్కని పక్కకి లాగేసి నేను నిలబడ్డాను. దబ్బనం ఎక్కడ బయటికొస్తుందో తెలియక వేలికి గుచ్చుకున్నాను. దారం బిగించానంటే తెగింది, వదిలానంటే వేలాడింది. ముడుల వరస తాగినవాడి నడకలా వంకర పోయింది. బావ ఇటొచ్చి చూసి పగలబడి నవ్వి, "ఇదంతా విప్పాలి, రెండు పనులు చేశావు మరదలా" అన్నాడు. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

"నీకు రాదే. జరుగు."

"డాక్టరమ్మ ఏం చెప్పిందో మర్చిపోయావా?"

"మెల్లిగా లాగుతాలే. ఒప్పుకున్నాక ఆయన ఒక్కరూ ఎంతని చేస్తారు? పాపం ఆయన."

ఆ పాపం ఆయన అన్న మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. వేరే లాడ్జీకి తీసుకుపోదామంటే నా దగ్గర తిరుగు ప్రయాణానికి తప్ప చిల్లిగవ్వ లేదు. ఉన్నదంతా ఆ చొక్కా లోపలి జేబులో ఉంది. రోజంతా డాబా మీద నిలబడి, ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. బావ విననట్టు విల్లు వాయించాడు. రెండో రోజూ అంతే. అక్క లాగిన ప్రతిసారీ ఎడం అరచెయ్యి పొట్టకి ఆనించుకోవడం మొదలుపెట్టింది. కుడిచేత్తో లాగడం, ఎడంచేత్తో పొట్ట పట్టుకోవడం. రాత్రి అన్నం వద్దంది. సముద్రం వైపు తల తిప్పే ఓపిక కూడా లేక గోడ వైపు తిరిగి పడుకుంది, పొట్ట పట్టుకునే.

"ఎక్కువగా ఉందా?" అన్నాను.

"కొద్దిగా. ఆయనతో అనకు, కంగారు పడతారు. ఆ రోజు చూశావుగా, తలుపు దగ్గర ఎలా అల్లాడిపోయారో."

ఆ కథ చెప్పింది నేనే కదా.

మూడో రోజు మధ్యాహ్నం లాడ్జీ ఆవిడ తాళాలు గలగలలాడిస్తూ పరుపులు చూసుకోడానికి పైకొచ్చింది. బావ పరుపుకి ఆ పక్క ఉన్నాడు, కనపడడు, గుచ్చినప్పుడల్లా దబ్బనం మొన మాత్రం ఇటు వస్తుంది. ఈ పక్క అక్క. నేను నీడలో. ఆవిడ తయారైన పరుపుల్ని నొక్కి చూసింది, ముడులు లాగి చూసింది, సంతోషించింది. అప్పుడు అక్క వంక చూసింది.

"ఏమ్మా, అలా పొట్ట పట్టుకుంటావేం? ఒంట్లో బాలేదా?"

"ఏం లేదండీ" అంది అక్క.

"ఏం లేకపోవడమేంటి?" అన్నాను నేను. "ఆపరేషనై నెల తిరగలేదు. గర్భసంచి తీశారు. విశ్రాంతి తీసుకోమంటే ఇక్కడికొచ్చింది. తీసుకుంటోంది, చూడండి."

ఆవిడ మొహం మారిపోయింది. "అయ్యో, నాకా మాటే చెప్పలేదే! ఏ ఆసుపత్రి? ఎప్పుడు చేశారు?"

ఫలానా మంగళవారం అని చెప్పాను. ఆవిడ నుదురు చిట్లించి అక్క వైపు తిరిగింది.

"ఆ మంగళవారమే కదమ్మా మీ ఆయన నాకు ఫోను చేసింది? పొద్దున్నంతా బేరమే. నేను మూడు రోజులకి గదిస్తానంటాను, ఆయన నాలుగంటాడు. పెట్టేస్తాను, మళ్ళీ చేస్తాడు. వెనక గోలగోలగా ఉంది, ఎక్కడున్నారండీ అంటే ఆసుపత్రిలో అన్నాడు. అయ్యో ఎవరికి అన్నాను. మాకు కాదులెండి, తెలిసినవాళ్ళని చూడ్డానికొచ్చాను అన్నాడు. మీ ఒక్కరివల్ల ఇన్ని పరుపులు అవుతాయా అంటే, మా ఆవిణ్ణి తీసుకొస్తున్నానుగా, ఆవిడ అవతలి పక్క నిలబడితే నాలుగు రోజుల్లో లాగేస్తాం అన్నాడు. ఆ మాట మీదే నేను ఒప్పుకున్నా."

అంటే అక్క సముద్రం మాట ఎత్తకముందే ఈ గది బేరం కుదిరిపోయింది. పరుపుకి ఆ పక్క చప్పుడు ఆగిపోయింది. ఆయన అక్కడే ఉన్నాడని మా ముగ్గురికీ తెలుసు, అన్నీ విన్నాడనీ తెలుసు. ఇప్పుడైనా ఇటొస్తాడని చూశాను. వచ్చి కాదంటాడనో, తప్పయిందంటాడనో, కనీసం అరుస్తాడనో.

గుడ్డ కదిలింది. దబ్బనం మొన మెల్లిగా ఇటు బయటికొచ్చింది, ఏమీ జరగనట్టు.

అక్క దాని వంక కాసేపు చూసింది. తర్వాత పట్టుకుని లాగింది. దారం బిగించడానికి లాగినట్టు కాదు. దబ్బనం పూర్తిగా బయటికొచ్చింది, దాని వెనకే దారం, అక్క లాగుతూనే ఉంది, కొస కూడా బయటికొచ్చేదాకా. దారం పీకి కింద పడేసింది. దబ్బనాన్ని తుడిచి, పక్కనే ఉన్న తన చేతిసంచీలో పెట్టుకుంది. సంచీ భుజానికి తగిలించుకుని మెట్ల వైపు నడిచింది.

"లాగావా?" అన్నాడు బావ అవతలినుంచి. "ఇటు పంపు."

అక్క మెట్లు దిగుతోంది.

"ఏమే, నిన్నే. పంపవేంటి?"

పంపడానికి అక్కడ ఎవరూ లేరు. ఆయన చుట్టూ తిరిగి ఇటొచ్చి, నన్నూ లాడ్జీ ఆవిణ్ణీ చూసి, కిందికి పరిగెత్తాడు. నేను వెనకే పరిగెత్తాను. అలాంటిది చూడకుండా ఎలా ఉంటాను? అప్పటికే గది తలుపు గడియ పడింది.

"తలుపు తియ్యి. దబ్బనమేదీ?"

"నా దగ్గరుంది" అంది అక్క లోపల్నుంచి.

"ఇవ్వు మరి! పని ఆగిపోయింది!"

"సెలవులయ్యాక ఇస్తానండీ. నాకు నిద్రొస్తోంది."

ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఆవలింత ఉంది. బావ తలుపు బాదాడు, బతిమాలాడు, పక్క గదుల్లోవాళ్ళు తొంగిచూస్తే నవ్వి, మళ్ళీ బాదాడు. నా వంక తిరిగి, "నువ్వే నూరిపోశావు" అన్నాడు.

"నేను ఇన్నేళ్ళుగా నూరిపోస్తున్నాను, ఎక్కలేదు. ఇది మీరే పోశారు" అన్నాను. జన్మలో నేనన్న మాటల్లో నాకు బాగా నచ్చిన మాట అదే.

ఆ దబ్బనం బావ వాళ్ళ నాన్న చేయించింది, దుకాణం మొత్తానికి అదొక్కటే. బావ బజారుకి పరిగెత్తాడు. సముద్రం ఒడ్డున ఊరు, గాలాలు దొరుకుతాయి, వలలు అల్లే సూదులు దొరుకుతాయి. గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి కొనుక్కొచ్చాడు. అది పరుపులో సగందాకా వెళ్ళి కనపడకుండా పోయింది. దాన్ని వెతకడానికి కుట్టిన పరుపు విప్పాడు. ఈ హడావిడిలో ఏకిన దూది డాబా మీద పరిచి వదిలేశాడు, మన ఊళ్ళో వదిలేసినట్టే. ఇది సముద్రం గాలి. తెల్లారేసరికి దూదంతా చెమ్మ పట్టి, పిండితే నీళ్ళు కారేలా తయారైంది. అరచెయ్యి ఆనించి దూది జాతకం చెప్పే మనిషి, ఆ తడి ముద్ద పట్టుకుని నిలబడ్డాడు. నాకు జాలి కలగలేదు. ఉన్న జాలంతా ఆ ఆసుపత్రి వరండాలోనే ఖర్చయిపోయింది.

లాడ్జీ ఆవిడ తాళాలగుత్తి సర్దుకుంటూ తేల్చి చెప్పింది. "పనైనా పూర్తి చెయ్యండి, అద్దైనా కట్టండి. పాడైన దూది సంగతి కూడా చూడండి. ఆపరేషనైన మనిషితో లాగించి నాకు పాపం అంటగట్టారు, నేను ఒక్క పైసా తగ్గించను."

ఆయన చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. నేను పక్కనే నిలబడి చూశాను. వేళ్ళు బయటికి రావడానికి ఎంత కష్టపడ్డాయో చెప్పలేను. ఒక్కో నోటూ ఆయన చర్మం ఒలిచినట్టే వచ్చింది. నా డబ్బు చివరికి నేనిచ్చిన పనికే పోయింది.

అక్క నాకు తలుపు తీసింది, ఆయనకి తియ్యలేదు. సాయంత్రం వచ్చి తలుపు దగ్గర గొంతు తగ్గించి, "మరదలా, అద్దె కట్టాను, ఇప్పుడైనా రానివ్వండి, డాబా మీద ఒకటే తేమ" అన్నాడు. అక్క నిద్రపోతోంది. నేను తలుపుకి నోరు ఆనించి చెప్పాను.

"కళ్ళు మూసుకున్నాక గదెక్కడుంది బావగారూ? మూసుకోండి."

మిగిలిన పూటలన్నీ అక్క నిద్రపోయింది. లేచి, నాలుగు ముద్దలు తిని, మళ్ళీ నిద్రపోయింది. కిటికీ తెరిచే ఉంది, సముద్రం ఎదురుగానే ఉంది, అక్క వీపు దానివైపు ఉంది. రాత్రి నిద్రలో పొట్ట మీదినుంచి చెయ్యి జారి పక్కన పడితే, నేను దాన్ని అలాగే ఉండనిచ్చాను. బయల్దేరే పూట నాకే మనసాగక లేపాను.

"అక్కా, రేపట్నుంచి ఉండదు. ఒక్కసారి లేచి సముద్రం చూడవా?"

"ఎక్కడికి పోతుందిలేవే" అని మళ్ళీ గోడ వైపు తిరిగింది.

తిరుగు బస్సులో బావ ముందు సీట్లో కూర్చున్నాడు, గొడుగులు ఒళ్ళో పెట్టుకుని. దారి పొడుగునా పక్కవాడికి సముద్రం పక్క లాడ్జీలు ఎంత మోసమో చెప్పాడు. ఈ మధ్య ఆయన ఎవరికి చెప్పినా అదే కథ. అందులో మోసపోయినవాడు ఆయనే, ఇంకెవరూ లేరు.

ఊరొచ్చిన మర్నాడు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. దుకాణంలో ఎవరిదో పరుపు బల్లల మధ్య నిలబెట్టేసి, బావ ఇంట్లోకొచ్చాడు. అక్క కుర్చీలో కూర్చుని కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఉంది. చేతిసంచీ ఒళ్ళో ఉంది. ఆయన చెయ్యి చాపాడు.

"దబ్బనం ఇలా ఇవ్వు. సెలవులయిపోయాయిగా."

అక్క సంచీ జిప్పు మూసింది.

"మీవి అయిపోయాయి" అంది. "నావి ఇంకా అవలేదు."